కణంలోనూ లస్కర్లుంటారు

క్యాన్సర్ కేసులు ఎక్కువగా ఉన్నాయంటూ 2025లో తూర్పు గోదావరి జిల్లాలోని బలభద్రపురం పేరు అసెంబ్లీ దాకా వెళ్లింది. వైద్య బృందాలు ఇంటింటికీ తిరిగాయి. అప్పటినుంచి గోదావరి జిల్లాల్లో ఏ అరుగు మీద విన్నా ఒకటే మాట: క్యాన్సర్‌కు కారణం ఏమిటి? నీళ్లా, గాలా, చేలో కొట్టే మందా, లంక పొగాకు చుట్టా? అడగాల్సిన ప్రశ్నే. కానీ దాని పక్కనే ఉన్న రెండో ప్రశ్నను ఎవరూ ముట్టుకోవడం లేదు. అవే నీళ్లు తాగి, అదే గాలి పీల్చిన ఇద్దరిలో ఒకరికి జబ్బు రాలేదంటే ఆ ఒంట్లో దెబ్బను బాగుచేసిందెవరు? అదృష్టం పాలు కొంత ఉంటుంది. మరమ్మతు పాలూ ఉంటుంది.

ఈ మరమ్మతు మీదే జీవితం వెచ్చించారు స్వీడన్ శాస్త్రవేత్త టోమస్ లిండాల్. కణంలో జన్యు సమాచారం రాసి ఉండే డీఎన్‌ఏ చెక్కుచెదరదని నమ్మే రోజుల్లో ఆయన లెక్క కట్టి చూశారు. పొగ తగలకపోయినా, ఎండ సోకకపోయినా, ఒంట్లోని నీటికీ వేడికే ఒక్కో కణంలో డీఎన్‌ఏ రోజుకు వేల చోట్ల చెడుతుందని తేలింది. మరి మనం బతికెలా ఉన్నాం? 1974లో ఆయనకు ఒక ఎంజైమ్, అంటే కణంలో పనులు నడిపే ప్రోటీన్, దొరికింది. డీఎన్‌ఏ రాతలో సైటోసిన్ అనే అక్షరం చెడి యురాసిల్‌గా మారితే, సరిగ్గా దాన్నే తీసేసే ఎంజైమ్ అది. 2015లో పాల్ మోడ్రిచ్, అజీజ్ సాంకార్‌లతో పాటు ఆయనకు రసాయన శాస్త్ర నోబెల్ వచ్చింది.

డెల్టా రైతుకు ఈ సంగతి ఇట్టే అర్థమవుతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి దాని కాలువలను నిలబెట్టింది గట్టు వెంట నడిచి, ఎలుక బొక్క కనిపిస్తే అప్పుడే మట్టి కొట్టిన లస్కర్లు అనే కాలువ కాపలాదారులు, వేసవిలో కాలువలకు నీళ్లు కట్టేసి తీసిన పూడిక. కణంలో అలా నీళ్లు కట్టేయించే పని పి53 అనే ప్రోటీన్‌ది. డీఎన్‌ఏకు దెబ్బ తగిలిందని కబురందగానే కణ విభజన ఆపిస్తుంది. బాగుపడితే వదులుతుంది. బాగుపడకపోతే కణాన్ని చంపుతుంది, లేదా శాశ్వతంగా విభజన ఆపేస్తుంది. మనుషుల క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ ప్రోటీన్‌ను తయారుచేయించే జన్యువే చెడి ఉంటుంది.

నన్ను పట్టి కుదిపింది ఆ తర్వాతి సంగతి. 2002లో ఒక ప్రయోగంలో పి53 మామూలుకన్నా చురుగ్గా ఉన్న ఎలుకలను గమనించారు. వాటికి క్యాన్సర్ గడ్డలు బాగా తక్కువ. కానీ తొందరగా ముసలివయ్యాయి. ఎముకలు గుల్లబారాయి, ఆయుష్షు తగ్గింది. కాలువకు నీళ్లు కట్టేయకపోతే గండి పడుతుంది, కట్టేసి వదలకపోతే చేను ఎండుతుంది. ఆ గండే క్యాన్సర్, ఆ ఎండిన చేనే ముసలితనం. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ కల్లూరి సుబ్బారావు ముసలి ఎలుకల మెదడు కణాల్లో మరమ్మతు ఎలా సన్నగిల్లుతుందో ఏళ్ల తరబడి పరిశోధించారు. లోపించిన ఎంజైమ్‌లను ప్రయోగశాలలో బయటినుంచి అందిస్తే ఆ శక్తి తిరిగొచ్చింది! ఆ పని గురించి మన బడిపిల్లల్లో ఎందరికి తెలుసు?

ఇదంతా కాలుష్యం చేసేవాళ్లను తప్పించే వాదనని కొందరంటారు. భయం న్యాయమైనదే. కానీ వరద మితిమీరితే ఎంత మంచి లస్కరైనా గట్టు కాపాడలేడు. చుట్ట పొగలోని రసాయనాలు డీఎన్‌ఏకు అతుక్కుంటాయి, వాటిని కోసి తీసే ఏర్పాటుకూ ఓ హద్దుంది. దెబ్బలు తగ్గించాలన్న డిమాండ్‌కు ఈ శాస్త్రం బలమే ఇస్తుంది.

మన జబ్బు వేరే ఉంది. శంకుస్థాపన మీదున్న మోజు నిర్వహణ మీద లేదు. లాకు తలుపు తుప్పు పట్టినా, రిటైరైన లస్కరు చోటు ఖాళీగా ఉన్నా వార్త కాదు. గండి పడితే మంత్రులొస్తారు. క్యాన్సర్ విషయంలోనూ ఇదే తీరు. భవనానికి రిబ్బన్ కట్ చేస్తాం, రక్తపరీక్షకు డబ్బు లేదంటాం. బీఆర్‌సీఏ1, బీఆర్‌సీఏ2 మరమ్మతు జన్యువులే. అవి చెడిన కుటుంబాల్లో రొమ్ము, అండాశయ క్యాన్సర్లు తరాల తరబడి రావచ్చు. ఆ లోపాన్నే ఆసరా చేసుకుని క్యాన్సర్ కణాన్ని చంపే ఒలాపరిబ్ మందు 2014లోనే విదేశాల్లో అనుమతి పొందింది.

కాకినాడ రంగరాయ వైద్య కళాశాలలో ఈ బీఆర్‌సీఏ జన్యువులు చెడ్డాయేమో చూసే పరీక్ష పైసా ఖర్చు లేకుండా జరగాలి. అమలాపురం నుంచో నరసాపురం నుంచో చిన్న వయసులోనే రొమ్ములో గడ్డతో ఒక తల్లి వస్తే, ఆమె అక్కచెల్లెళ్లను, ఎదిగిన కూతుళ్లను కూడా పిలిపించి, కూర్చోబెట్టి, తెలుగులో విడమరిచి చెప్పే మనిషి అక్కడ ఉండాలి.