ప్రతిజ్ఞకు పిల్లలు కావాలి, ప్రశ్నకు వద్దా?

ఏటా అక్టోబరు 2 నుంచి 8 వరకు వన్యప్రాణి వారోత్సవాలు. బళ్లలో పులి బొమ్మల పోటీ, వ్యాసరచన, చేయి చాచి ప్రతిజ్ఞ, ఒక్క మొక్క చుట్టూ పది మంది పెద్దలు నిలబడి ఫొటో. పాలమూరు, నల్లగొండ జిల్లాల్లో ఈ తంతుకు లోటు లేదు. లోటల్లా ఆ తర్వాతే. అచ్చంపేటలో బస్సెక్కితే గంటలోపే మన్ననూరు చెక్‌పోస్టు వస్తుంది. దాని అవతల 2,611 చదరపు కిలోమీటర్ల అమ్రాబాద్ పులుల అభయారణ్యం. బొమ్మకు బహుమతి అందుకున్న పిల్లల్లో ఎందరు ఆ అడవిలో ఒక పూటైనా నడిచారో వేదిక మీద కూర్చున్నవారు ఎప్పుడైనా ఆరా తీశారా?

అడవి మీద ఆసక్తి ఉన్న యువతకు ఇక్కడ కొదవ లేదు. చెరువు గట్ల మీద పక్షుల్ని గుర్తుపట్టే కుర్రాళ్లు, ఇళ్లలో దూరిన పాముల్ని పట్టి అడవిలో వదిలే కుర్రాళ్లు ఊరూరా కనిపిస్తారు. నాలుగేళ్లకోసారి పులుల గణన వచ్చినప్పుడు అటవీ శాఖకూ వాలంటీర్లు గుర్తుకొస్తారు. మిగిలిన కాలమంతా వాళ్లు శాఖ దృష్టిలో అడవిలోకి చొరబడేవాళ్లే.

కోర్ ఏరియాలో, అంటే పులుల కోసం విడిచిన నడిమి అడవిలో, జనం పెరిగితే జంతువులకు ఇబ్బంది అని, పిల్లలకు ఏమైనా అయితే బాధ్యత ఎవరిదని అధికారులు అంటారు. కొన్ని బళ్లను అప్పుడప్పుడు తీసుకెళ్తున్నామనీ చెబుతారు. సరే. కానీ డబ్బు కట్టి వచ్చినవారిని అదే అడవిలో సఫారీ జీపు ఫర్హాబాద్ దాకా తిప్పుతోంది. రాత్రి బసకూ ఏర్పాట్లున్నాయి. సర్కారు బడి పిల్లలు అడిగినప్పుడే భద్రత గుర్తుకు రావడం ఏం న్యాయం? 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 28వ సెక్షన్, అభయారణ్యంలోకి వెళ్లడానికి ఏయే పనుల కోసం అనుమతి ఇవ్వొచ్చో చెబుతుంది. అందులో మొట్టమొదట రాసింది వన్యప్రాణుల అధ్యయనం. పర్యాటకం దాని తర్వాతే వస్తుంది. మనవాళ్లు ఆ వరుసను తిరగేశారు. కోర్ మీద అంత బెంగ ఉంటే దాని వెలుపల 445 చదరపు కిలోమీటర్ల బఫర్ ప్రాంతం ఉంది. అక్కడ నడిపించడానికి అడ్డేమిటి?

పర్యావరణ విద్యను అన్ని స్థాయిల్లో తప్పనిసరి చేయాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆ ఆదేశం మన దగ్గరికి వచ్చేసరికి పాఠ్యపుస్తకం అయింది, తర్వాత మార్కులు అయింది, అక్కడే ఆగింది. నేర్పేవాళ్లు లేరా అంటే ఉన్నారు. అప్పాపూర్, మేడిమల్కల, సంగిడిగుండాల వంటి పెంటల్లో, అంటే అడవిలోని చెంచు గూడేల్లో ఉన్నారు. నల్లమద్ది చెట్టుకు, ఏగి చెట్టుకు తేడా బెరడు చూసి చెప్పగలిగే చెంచు పెద్దలు, తేనె తీసేటప్పుడు తుట్టెలో ఎంత కోయాలో, ఎంత వదలాలో తెలిసినవాళ్లు. కణుజు అడుగు ఏది, మనుబోతు అడుగు ఏది, రేచుకుక్కల గుంపు ఎటు పోయింది అన్నది వాళ్లకు రోజూ చదివే పేపర్ లాంటిది. ఎండాకాలం అడవి అంటుకుంటే మంటలు ఆర్పడానికి పరుగెత్తేదీ, బేస్ క్యాంపుల్లో వాచర్లుగా రాత్రిళ్లు కాపలా ఉండేదీ చాలావరకు చెంచు యువకులే. వాళ్లను బళ్లకు పిలిచి, పాఠం చెప్పించి, రోజుకింత అని జీతం ఇస్తే శాఖ ఖజానా ఏమీ తరిగిపోదు. చెంచు పిల్లలకు కూడా తమ తాతకు తెలిసింది చదువేనని అర్థమవుతుంది. ఆశ్రమ పాఠశాలలో కూర్చోబెట్టి ఆ పిల్లలకే అడవిని పుస్తకంలో చూపించడం మాకు మింగుడుపడని విషయం.

అడవి దాకా వెళ్లలేని బళ్లకు మహబూబ్‌నగర్ పక్కన పిల్లలమర్రి ఉంది. చెదలు తిని, కొమ్మలు విరిగి పడుతుంటే 2018లో ఆ మర్రికి సెలైన్ సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. వందల ఏళ్ల చెట్టు ఆ స్థితికి ఎందుకు వచ్చిందని పిల్లల చేత అడిగించడమే ఒక పెద్ద పాఠం.

అయితే మా అసలు కోపం ఆ అడగడం దగ్గరే ఉంది. మొక్క నాటమని పిల్లలకు చెప్పే పెద్దలకు, అదే పిల్లలు పెరిగి అడవి గురించి అడిగితే గిట్టడం లేదు. నల్లగొండ జిల్లా లంబాపూర్–పెద్దగట్టు యురేనియం తవ్వకాలపై 2003లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు వద్దన్న ఊళ్లకు అభివృద్ధి నిరోధకులన్న పేరు పెట్టారు. 2019లో యురేనియం అన్వేషణ నల్లమలకు వచ్చింది. అమ్రాబాద్, పదర మండలాల కుర్రాళ్లు రోడ్డెక్కారు, రాష్ట్రమంతా వారి వెంట నడిచింది. చివరకు ఆ సెప్టెంబరులో యురేనియం తవ్వకాలు వద్దంటూ శాసనసభ తీర్మానం చేయక తప్పలేదు. అంటే పిల్లలు చెప్పిందే సరైనదని సభ ఒప్పుకున్నట్టే కదా! ఆ బుద్ధి ఎంతకాలం నిలిచింది? 2025లో హైదరాబాద్‌లోని కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల పచ్చదనం కోసం నిలబడ్డ విద్యార్థులకు దక్కింది అరెస్టులు, కేసులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు అక్కడ చెట్లు నరికే పనులు ఆపించాక గానీ ఆ కేసులు వెనక్కి తీసుకోవాలన్న ఆలోచన రాలేదు. ప్రభుత్వాలు మారాయి, ఈ ద్వంద్వ నీతి మారలేదు. పదేళ్ల పిల్లాడు అడవిని కాపాడతానంటే చప్పట్లు, ఇరవై ఏళ్లకు అదే మాటంటే పోలీసు వ్యాన్.

ఇప్పుడు హైదరాబాద్–శ్రీశైలం రోడ్డు మీద, మన్ననూరు అవతల అడవిలో ఎలివేటెడ్ కారిడార్ కట్టాలంటున్నారు. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు వాహనాలు ఆపుతున్నది జంతువుల కోసమే కాబట్టి, వంతెన మీద నుంచి పోతే వాటికీ మేలేనని వాదన. కావచ్చు. కానీ స్తంభాలు దిగే చోట ఎన్ని చెట్లు పోతాయి, పని సాగినన్నాళ్లు మృగాలు ఎటు పోతాయి, పెంటల దారులు ఏమవుతాయి? ఈ లెక్కలన్నీ తెలుగులో అచ్చువేసి ప్రతి గ్రామసభ ముందు, అచ్చంపేట నుంచి దేవరకొండ దాకా ప్రతి కాలేజీలో పెట్టాలని ఈ పత్రిక డిమాండ్ చేస్తోంది. అనుమతుల కాగితాలు ఇంగ్లిషులో వెబ్‌సైట్‌లో పడేసి చేతులు దులుపుకోవద్దు. 2019లో సభలో చేతులెత్తి తీర్మానానికి మద్దతు పలికిన నాయకుల్లారా, ఆ పిల్లల ఎదుట కూర్చుని జవాబు చెప్పండి. అంత ధైర్యం లేకపోతే వాళ్ల చేత పులి బొమ్మలు గీయించడం మానేయండి.