సింహద్వారం గడపమ్మకి పెద్దకొడుకు రాయునది

మహాలక్ష్మీ సమానురాలైన గడపమ్మకి, విశాఖపట్నం శ్రీహరిపురంలో నిన్ను నలభై ఏళ్లుగా దాటుతూ, అప్పుడప్పుడు కాలివేళ్లు కొట్టుకుంటూ బతుకుతున్న పెద్దకొడుకు నమస్కరించి రాయునది ఏమనగా: ఇక్కడ అందరం క్షేమం అని రాయడానికి వీల్లేదు. అందుకే ఈ ఉత్తరం.

'మీరు' అని మొదలుపెడదామనే అనుకున్నాను. కాని నీ మీద కూర్చున్నందుకు చిన్నప్పుడు నా వీపు మీద పడిన దెబ్బలు లెక్కేసుకుంటే మనకి బాగానే చనువుంది.

ఈ ఇంట్లో నీకున్న హోదా మనుషులెవరికీ లేదు. నీ మీద కూర్చోకూడదు, నిలబడి తుమ్మకూడదు. నీకు అటొకరూ ఇటొకరూ నిలబడి డబ్బు చేతులు మార్చుకోకూడదు. కొత్త కోడలు వస్తే అత్తగారికంటే ముందు నిన్ను పలకరించాలి. అమ్మకి డెబ్బై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. అయినా ప్రతి శుక్రవారం నీ ముందు వంగాల్సిందే. మార్గశిర గురువారాల్లో అయితే ఆమె నీ ముందు వంగి మళ్లీ లేచేసరికి నాకు టెన్షన్. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారు గర్భగుడికి పైకప్పు కూడా లేకుండా ఆరుబయటే ఉంటుంది. ఆవిడకి లేని పట్టింపులు నీకెందుకో నాకర్థం కాదు.

1984లో నాన్న ఈ ఇల్లు కట్టినప్పుడు నీ కింద ఐదు మెట్లు పెట్టించారు. వాన పడితే వీధిలో నీళ్లు నిలుస్తాయన్నది పైకి చెప్పిన కారణం. ఎదురింటివాళ్లకి నాలుగే ఉన్నాయన్నది అసలు కారణం. ఆ తరవాత రోడ్డు వేసినప్పుడల్లా పాతది తవ్వకుండా దాని మీదే కొత్తది పరుస్తూ పోయారు. ఒక మెట్టు భూమిలోకి పోయి నాలుగు మిగిలినప్పుడు, సరి సంఖ్య అయిపోయిందని అమ్మ కొన్నాళ్లు నిద్రపోలేదు. ఇప్పుడు మూడే ఉన్నాయి, మళ్లీ వాస్తు కుదిరింది. నలభై ఏళ్లలో ఈ ఇంటి ముసలివాళ్ల మోకాళ్ల గురించి ఆలోచించినవాళ్లు ఎవరైనా ఉన్నారంటే ఆ రోడ్డు వేసినవాళ్లే. ఇంకో అరవై ఏళ్లు ఓపిక పడితే ర్యాంపు ఖర్చు మిగిలిపోయేది.

నాన్న సంగతి నీకు తెలియంది కాదు. 1948లో నెహ్రూ వచ్చి, ఇక్కడి షిప్‌యార్డ్‌లో కట్టిన 'జల ఉష' ఓడని నీళ్లలోకి దింపినప్పుడు ఆయనకి ఐదేళ్లు. వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని చూశానంటారు. ఆ కథలో జనం ఏటేటా పెరుగుతుంటారు. పెద్దయ్యాక అదే షిప్‌యార్డ్‌లో ఫిట్టర్‌గా చేరారు. ఓడలో నిచ్చెనకి రెండు వైపులా రెయిలింగ్ ఉంటుంది. నడవాకి రెయిలింగ్ ఉంటుంది. డెక్కు మీది తలుపుల కింద, నీళ్లు లోపలికి రాకుండా, అడుగుకు పైనే ఎత్తున నీలాంటిదే ఒక ఇనప గడప ఉంటుంది, పట్టుకుని దాటడానికి పక్కన కడ్డీ ఉంటుంది. ముప్ఫై ఏళ్లకు పైగా ఇవన్నీ తన చేత్తో బిగించిన మనిషి ఆయన.

అలాంటి మనిషిని, "నాన్నా, బాత్రూంలో పట్టుకోడానికి ఒక రాడ్డు పెట్టిద్దాం" అని అడిగాను.

"ఓడ ఊగుద్ది కాబట్టి పెడతార్రా. ఇల్లు ఊగుద్దా?"

ఊగేది ఇల్లు కాదు నాన్నా అనడానికి నోరు రాలేదు. ఈలోగా ఆయన రెండో అస్త్రం తీశారు. "సింహాచలం మెట్లు దాదాపు వెయ్యీ చెప్పుల్లేకుండా ఎక్కిన కాళ్లు ఇవి. గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు తిరిగిన కాళ్లు." నిజమే. అప్పన్న దగ్గరికి ఆ కాళ్లు వెళ్లి చాలా ఏళ్లయింది. ఇప్పుడవి రాత్రి రెండుసార్లు బాత్రూంకి వెళ్లి రావాలి. ఆ దారిలో మెట్లు లేవు గాని గట్టు ఉంది.

ఆ గట్టు నీ బంధువే కాబట్టి నీతోనే చెప్తున్నాను. నాలుగంగుళాల ఎత్తు. తెల్ల టైల్స్ మధ్య తెల్ల గట్టు. నీళ్లు బయటికి రాకుండా ఆపడం దాని ఉద్యోగం. పోయిన కార్తీకంలో అది నీళ్లకి బదులు అమ్మని ఆపింది. తెల్లవారుజామున స్నానానికి వెళ్తూ తట్టుకుని పడింది. చెయ్యి ఆనించింది కాబట్టి మణికట్టుతో పోయింది. తుంటి విరిగి ఉంటే ఏమయ్యేదో డాక్టరు చెప్పలేదు. ఎక్స్‌రే కవర్లో పెడుతూ ఆమె వయసు ఇంకోసారి అడిగాడు, అంతే. పరామర్శకి వచ్చినవాళ్లు మాత్రం కారణాలకి లోటు చెయ్యలేదు. ఒకరు దిష్టి అన్నారు, ఒకరు ఏలినాటి శని అన్నారు, ఒకావిడ ఉపవాసాలు ఎక్కువైపోయాయంది. గట్టు అన్నవాళ్లు ఒక్కరూ లేరు.

నేనూ అనలేదు. అంటే నా సంగతి కూడా బయటికొస్తుంది మరి. 2003లో చెల్లెలి పెళ్లికి నిక్షేపంలాంటి మొజాయిక్ నేల మీద మెరిసే టైల్స్ వేయించింది నేనే. "మొహం కనపడాలి మేస్త్రీ" అన్నాను. కనపడుతోంది. తడిగా ఉన్నప్పుడైతే మరీ దగ్గర్నుంచి కనపడుతుంది.

తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. ఇల్లు అమ్మేసి మధురవాడ వైపు లిఫ్టున్న ఫ్లాట్ కొనేద్దాం అన్నయ్యా, గొడవ వదిలిపోతుంది అన్నాడు. నాన్న ఫోన్ లాక్కుని ఒకే మాట అడిగారు: "హుద్‌హుద్ నాడు మీ మావగారు ఏం చేశారు?" 2014 అక్టోబర్ 12న తుపాను తీరం దాటాక రోజుల తరబడి కరెంటు లేదు. ఆ మావగారిది ఐదో అంతస్తు. బకెట్లతో నీళ్లు మోసుకున్నారు. ఇక్కడా కిటికీ అద్దాలు పోయాయి, మేడ మీది రేకులు పక్క వీధిలో దొరికాయి. నీ ద్వారబంధం మాత్రం అంగుళం కదల్లేదు. ఆ రోజు నీ వెనకాల బీరువా అడ్డంపెట్టి కూర్చున్న ఇద్దరూ నిన్ను వదిలి ఎక్కడికీ రారని తమ్ముడికి అర్థమైంది. వెంటనే వాట్సాప్‌లో ర్యాంపు ఫొటోలు పంపడం మొదలెట్టాడు. అన్నీ అమెరికావి.

ర్యాంపుకి లెక్క ఉంది. ఒక అంగుళం ఎత్తుకి పన్నెండు అంగుళాల పొడవు కావాలి. మిగిలిన మూడు మెట్లూ కలిపి 18 అంగుళాలు, అంటే 18 అడుగుల ర్యాంపు. గేటు నుంచి అరుగు దాకా ఉన్న జాగా పదకొండు అడుగులు, అందులో తులసికోట. మేస్త్రీ దాన్ని సగానికి కుదించి సుద్దతో గీత గీశాడు. నాన్న కళ్లజోడు సవరించుకుని, "దీన్ని ర్యాంపనరు బాబూ, ఓడని నీళ్లలోకి జార్చే స్లిప్‌వే అంటారు. మా ఆవిణ్ణి కుర్చీతో సహా రోడ్డు మీదికి లాంచింగ్ చేస్తావా?" అన్నారు. చివరికి పక్క సందులోంచి వంపు తిప్పి, మధ్యలో ఆగి ఊపిరి తీసుకోడానికి చదునుగా కాస్త చోటు వదిలి వేశాం. ఈశాన్యం బరువెక్కకూడదని సిద్ధాంతిగారు ఇంకో రెండు వారాలు తిన్నారు.

తలుపులది ఇంకో భాగోతం. చక్రాల కుర్చీ సాఫీగా వెళ్లాలంటే తలుపు 900 మిల్లీమీటర్లు, సుమారు మూడడుగులు, తెరుచుకోవాలని ప్రభుత్వ మార్గదర్శకాలు చెప్తాయి. మా పడగ్గది తలుపు అంతకంటే వెడల్పే, ఎందుకంటే అమ్మ పెళ్లి బీరువా లోపలికి రావాలని కొలిచి పెట్టించారు. బాత్రూంలోకి బీరువా వెళ్లక్కర్లేదు కాబట్టి దానికి రెండడుగులు చాలనుకున్నారు. అమ్మ వాకర్ ఆ తలుపు ముందు ఆగిపోయి, లోపలికి చూస్తూ నిలబడేది. ఇప్పుడు గోడ కొట్టి పెద్దది పెట్టాం. గట్టు తీసేసి, నేలనే జాలీ వైపు వాలుగా చేశాం. కమోడ్ ఎత్తు పెంచాం, రాత్రిపూట మనిషి కదిలితే వెలిగే దీపం పెట్టాం. పిన్ని పాత చీరలతో అల్లి ఇచ్చిన కాలిపట్టాలు నేల మీద జారుతుంటే అటకెక్కించాం. వాటి గురించి పిన్నికి ఇంకా ఎవరం చెప్పలేదు.

ఇక నీ వంతు. మేస్త్రీ నీ దగ్గర గొంతుక్కూర్చుని సుత్తితో మెల్లగా తట్టి చూశాడు. "కొయ్యమంటే కోసేస్తానండి. కాని కింద బంధం పోతే రెండు కాళ్లూ ఎడమైపోతాయండి, తలుపు పడదు. పైగా టేకు. ఇలాంటిది ఇప్పుడేటి దొరుకుద్దండి?" అన్నాడు. వంటింట్లోంచి అమ్మ కట్టు కట్టిన చెయ్యి ఊపుతూ వచ్చింది. "దాన్ని కోస్తే నన్ను కోసినట్టేరా పెద్దోడా." తనని విరగ్గొట్టిన గట్టు మీద ఆవిడకి ఇంత ప్రేమ లేదు గనక అది బతకలేదు, నువ్వు బతికావు. రెండంగుళాల నీ ఎత్తుకి అటొకటి ఇటొకటి, రెండేసి అడుగుల ఏటవాలు చెక్కలు చేయించాం.

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం నిన్ను తిట్టడానికే మొదలుపెట్టాను. మధ్యలో ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి చెడగొట్టింది. "అంకుల్, పెద్దవాళ్లకి చూపు తగ్గితే ఎత్తుపల్లాలు కలిసిపోయి ఒకేలా కనపడతాయి. మెట్ల అంచులకి కొట్టొచ్చినట్టు కనపడే రంగు పట్టీ వెయ్యండి, పసుపైతే బాగుంటుంది" అంది. నేను నీ వైపు చూశాను. నల్లబడిన టేకు మీద నిండా పసుపు, దాని మీద ఎర్రటి బొట్లు. మసక చీకట్లో కూడా నువ్వున్నావని తెలుస్తుంది. నీ దగ్గర మేం కాలివేళ్లు కొట్టుకున్నాం గాని, పెద్దవాళ్లెవరూ పడలేదు. అమ్మ పడింది ఏనాడూ పసుపుకి నోచుకోని తెల్ల గట్టు దగ్గర. కంటిచూపు గురించి ఆలోచించే మన పూర్వీకులు పసుపు రాశారని నేననను. అంటే సాయంత్రానికల్లా అది వాట్సాప్‌లో తిరుగుతుంది. కాని ఈ ఇంట్లో నియమం పాటించింది నువ్వొక్కదానివే అని ఒప్పుకోక తప్పడం లేదు.

రాడ్డు సంగతి చెప్పలేదు కదూ. నాన్న వద్దన్నా వినకుండా హార్డ్‌వేర్ షాపులో తళతళలాడేది తెచ్చి బాత్రూంలో బిగించాను. నెల తిరక్కుండా దాని మీద గోధుమరంగు మచ్చలొచ్చాయి. నాన్న దాన్ని వేలితో రుద్ది, వాసన చూసి, నన్ను చూశారు. నేను ఇంటర్‌లో లెక్కలు తప్పినప్పుడు కూడా అలా చూడలేదు. "ఉప్పుగాలి ఊళ్లో పుట్టి ఈ రేకు తెస్తావురా? 316 గ్రేడ్ తేవాలి. దాంట్లో మాలిబ్డినం ఉంటది, ఉప్పుకి తట్టుకుంటది." తరవాత రాడ్డుని ఒక్క గుంజు గుంజారు. ప్లగ్గుతో సహా చేతిలోకి వచ్చేసింది. "గోడకి కాదు, టైలుకి బిగించాడు వెధవ!"

ఆ రోజు నుంచి ఆయనకి వయసు తగ్గింది. అటక మీది పనిముట్ల పెట్టె దిగింది. రాడ్డు గుప్పిట్లో ఇమడాలన్నారు. గోడకీ రాడ్డుకీ మధ్య వేళ్లు పట్టాలి గాని మోచెయ్యి దూరి ఇరుక్కోకూడదన్నారు. అమ్మని నిలబెట్టి, చెయ్యి వేలాడెయ్యమని, మణికట్టు దగ్గర గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టారు. బోల్టులు ఇటుకలోకి దిగాక మేస్త్రీని పట్టుకుని వేలాడమన్నారు. తొంభై కిలోల మనిషి, కాసేపు జంకి, దండం పెట్టుకుని వేలాడాడు. రాడ్డు కదల్లేదు. "ఇంకోసారి" అన్నారు నాన్న.

ఇదంతా అమ్మ కోసం, మేస్త్రీకి పని నేర్పడం కోసం. ఆయనకి అవసరమై కాదు. రాడ్డు పట్టుకుని కనపడినప్పుడల్లా ఏంటి నాన్నా అంటే "టెస్ట్ చేస్తున్నా" అంటారు. రాత్రి రెండింటికి కూడా టెస్ట్ జరుగుతుంది. నిన్న నీ పక్కన, ద్వారబంధానికి ఆనుకుని, నిలువుగా ఇంకోటి బిగించారు. ఓడలో ఉన్నట్టే, గడప పక్కన కడ్డీ. ఇది నీకు నచ్చకపోయినా చేసేదేం లేదు. నోటీసు అనుకున్నా సరే, మనవి అనుకున్నా సరే.

ఇట్లు,
నీ పెద్దకొడుకు

తా.క.: ఇవాళ శుక్రవారం. అమ్మ నీకు పసుపు రాసి, కొత్తగా వచ్చిన కడ్డీని చూసి జాలిపడి, దానికీ కిందినుంచి పైదాకా రాసి మూడు బొట్లు పెట్టింది. తడి ఆరేదాకా ఎవరూ ముట్టుకోవద్దంది. ఆ సమయానికే నాన్న పేపర్ కోసం బయల్దేరారు. కడ్డీ వైపు చెయ్యి చాచి, పసుపు చూసి ఆగి, పక్కనే ఉన్న నా భుజం పట్టుకుని నిన్ను దాటారు. నేను ఆయన మొహంలోకి చూశాను.

"ఏంట్రా? టెస్ట్ చేస్తున్నా" అన్నారు.