అంతా ఎర్ర రంగు పూసేస్తే రోమ్ చరిత్ర అయిపోయిందా?

మా అన్నయ్య కూతురు పదకొండో తరగతి. హిస్టరీ ప్రాజెక్టుకి రోమన్ సామ్రాజ్యం మ్యాప్ వేసింది. క్రీ.శ. 117, చక్రవర్తి ట్రాజన్ చనిపోయిన ఏడాది, అందరూ వేసేదే. అంతా ఎర్ర స్కెచ్ పెన్‌తో నింపింది గానీ టైగ్రిస్, యూఫ్రటీస్ నదుల మధ్య మెసొపొటేమియాకి మాత్రం రంగు నింపకుండా ఏటవాలుగా గీతలు గీసి, పక్కన పెన్సిల్‌తో చిన్న అక్షరాల్లో "రెండేళ్ళే" అని రాసింది. ఇవాళ చార్టు తిరిగొచ్చింది. ఆ గీతల చుట్టూ సున్నా చుట్టి, "షేడింగ్ పూర్తి చేయలేదు" అని మార్కులు కోసేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది, ఇంకా చల్లారలేదు.

ఆ పిల్ల వేసిందే సరైన మ్యాప్! ట్రాజన్ 116లో పార్థియన్ల రాజధాని టెసిఫాన్ పట్టుకుని పర్షియన్ గల్ఫ్ దాకా వెళ్ళాడు, నిజమే. కానీ అదే ఏడాది వెనకాల ఊళ్ళు తిరగబడ్డాయి. 117లో ఆయన పోగానే గద్దెనెక్కిన హేడ్రియన్ మొదట్లోనే ఆ ప్రాంతాలు వదిలేశాడు. అంటే "రోమ్ మహా వైభవం" అని మనం గోడకి తగిలించుకునే మ్యాప్, చేతిలోంచి జారిపోతున్నప్పటిది. సిసిలీ చూస్తే క్రీ.పూ. 241 నుంచీ వాళ్ళదే. వందల ఏళ్ళు ఉన్నదానికీ పట్టుమని రెండేళ్ళు నిలవనిదానికీ ఒకటే ఎరుపా? డేసియాని, అంటే ఇప్పటి రొమేనియా వైపు ప్రాంతాన్ని, 106లో పట్టారు, 270ల్లో వదిలేసి డాన్యూబ్ ఇవతలికి వచ్చేశారు. దానికీ అదే ఎరుపు.

ఇక రోమ్ ఎలా పెరిగిందో మ్యాప్ మీద చూపించే ఆ వీడియోలు. ఇటలీ మధ్యలో చిన్న చుక్క, వెనకాల ఢమఢమా మ్యూజిక్, చూస్తుండగానే మధ్యధరా సముద్రం చుట్టూ ఎర్రగా పాకిపోతుంది, కింద వందలకొద్దీ "గూస్‌బంప్స్" కామెంట్లు. స్పెయిన్ అందులో రెప్పపాటులో ఎర్రబడుతుంది. నిజంగా ఎంత పట్టిందో తెలుసా? క్రీ.పూ. 218లో అడుగు పెట్టారు, ఉత్తరాన కాంటాబ్రియన్లు అనే తెగవాళ్ళు లొంగేసరికి క్రీ.పూ. 19. దాదాపు రెండొందల ఏళ్ళు! మధ్యలో క్రీ.పూ. 150లో గాల్బా అనే రోమన్ సేనాని అక్కడి లూసిటానియన్ తెగవాళ్ళకు భూములిస్తానని మాటిచ్చి, ఆయుధాలు కింద పెట్టించి, ఊచకోత కోశాడు. నుమాంటియా ఊరి చుట్టూ గోడ కట్టి, తిండి లేకుండా మాడ్చి మాడ్చి క్రీ.పూ. 133లో పట్టుకున్నారు. చాలామంది లొంగడం ఇష్టం లేక ప్రాణాలు తీసుకున్నారు, మిగిలినవాళ్ళను బానిసలుగా అమ్మేశారు. ఇదంతా వీడియోలో ఎక్కడుంది? రంగు దానంతటదే పాకుతుంది, నేల మీద చెంబుడు నీళ్ళు ఒలికినట్టు. ఒలకబోసినవాడు కనపడడు, మునిగినవాడు అసలే కనపడడు.

మ్యాపే కదా, ఏముందిలే అనేవాళ్ళకి ఒక్క సంగతి చెప్తాను. రోమ్‌లో, మాక్సెంటియస్ బసిలికా అనే పాత రోమన్ కట్టడం దగ్గర రోడ్డు పక్క గోడకి ఫాసిస్టు నియంత ముస్సోలినీ 1934లో పాలరాతి మ్యాపులు పెట్టించాడు. నాలుగు. మొదటిదాంట్లో రోమ్ ఒక తెల్ల చుక్క, తర్వాత ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌తో యుద్ధాలు అయ్యేనాటికి ఇంత, మొదటి చక్రవర్తి ఆగస్టస్ పోయేనాటికి ఇంత, ఆఖర్న ట్రాజన్ నాటికి అంతా తెలుపే. అంటే మన వీడియోనే, రాతి మీద. మరుసటి ఏడాది ఇథియోపియా మీద దండెత్తాడు. 1936లో అదే గోడ మీదికి ఐదో మ్యాప్ ఎక్కింది, ఇథియోపియాతో సహా ఫాసిస్టుల కొత్త సామ్రాజ్యం! రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయాక ఐదోది పీకేశారు. మిగతా నాలుగూ ఇప్పటికీ ఉన్నాయి, టూరిస్టులు ముందు నిలబడి ఫోటోలు దిగుతారు. రంగు పాకే బొమ్మ చూపిస్తే జనానికి ఇంకాస్త పాకించాలని ఎలా అనిపిస్తుందో వాడికి బాగా తెలుసు. మన పిల్లల చేత అవే వేయిస్తున్నాం, గీతలు గీసి ఆలోచించిన పిల్లకి మార్కులు కోస్తున్నాం.

అసలు నాకు చదువుకునే రోజుల నుంచీ ఈ మ్యాపుల మీద ఇంకో కోపముంది. యూఫ్రటీస్ దాటగానే అంతా బూడిద రంగు, ఎవరూ లేనట్టు! అక్కడున్నది పార్థియా, ఇరాన్ వైపు పెద్ద రాజ్యం. క్రీ.పూ. 53లో కర్రే దగ్గర రోమన్ సైన్యాన్ని తుక్కు తుక్కు చేసింది, దాని సేనాని క్రాసస్ అక్కడే చచ్చాడు. పోయిన జెండాలు తిరిగి తెచ్చుకోవడానికి ఆగస్టస్ క్రీ.పూ. 20లో రాయబారం నడుపుకోవలసి వచ్చింది. అంతటి రాజ్యం ఖాళీ కాగితమా? ఇంకాస్త కుడికి జరిగితే మనం. నల్గొండ దగ్గర అక్కెనపల్లిలో రోమన్ నాణేలు దొరికాయి. ఆనాటి భూగోళ శాస్త్రవేత్త టాలెమీ మైసోలియా అని రాసింది మన కృష్ణా తీరాన్నే అంటారు. బేరం చేసిన మనుషులు ఇక్కడున్నారు, మ్యాప్ మాత్రం అక్కడే ఆగిపోయింది.

రోమన్ల నాటి దారుల పటానికి మధ్యయుగంలో తీసిన ప్రతి ఒకటి వియన్నాలో ఉంది, దగ్గర దగ్గర ఏడు మీటర్ల పొడవు. దాంట్లో ఎర్ర సామ్రాజ్యం లేదు. దారులు, ఊళ్ళు, ఊరికీ ఊరికీ మధ్య దూరాలు, కుడి చివర కేరళ తీరాన ముజిరిస్ రేవు దాకా. ఆ కాలం వాళ్ళే సరిహద్దు దగ్గర పటం కత్తిరించలేదే! ఇప్పుడు అచ్చేస్తున్న అట్లాసులవాళ్ళకి ఏమొచ్చింది? ఆ బూడిద రంగులో పార్థియా అని రాయడానికి బోలెడంత చోటుంది. రాయండి ముందు.