పౌలు తన పౌరసత్వాన్ని వదులుకోలేదు

ఎన్నికలు దగ్గరపడితే చాలు, క్రైస్తవ సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది: మన పౌరస్థితి పరలోకంలో ఉంది, అధికారులకు లోబడమని వాక్యం చెబుతోంది, రాజకీయం లోకసంబంధం, విశ్వాసి దాని జోలికి పోకూడదు. అందులోని వచనాలు నిజమే. లాగిన అర్థమే తప్పు.

ముందు పౌరస్థితి సంగతి. ఆ మాట అపొస్తలుడైన పౌలు ఫిలిప్పీ ఊరి సంఘానికి రాసిన పత్రిక 3:20లోది. అదే ఫిలిప్పీలో పౌలు ఏం చేశాడో అపొస్తలుల కార్యములు 16లో చదవండి. ఆయన్నీ తోటి సేవకుడు సీలనీ విచారణ లేకుండా బెత్తాలతో కొట్టించి, కాళ్లకు బొండకొయ్య వేసి చెరసాలలో పెట్టారు. తెల్లారాక న్యాయాధిపతులు ఇక వెళ్లిపొమ్మని కబురు పెడితే పౌలు కదల్లేదు. రోమా పౌరులమైన మమ్మల్ని నలుగురిలో కొట్టించి ఇప్పుడు చాటుగా పంపేస్తారా, వాళ్లే వచ్చి తీసుకెళ్లాలి అన్నాడు. రోమీయులని తెలిసి హడలిపోయి, వచ్చి బతిమాలుకున్నారు. ఆ తర్వాత కైసరయలో కూడా అంతే, రోమా చక్రవర్తి కైసరు ఎదుటే తేల్చుకుంటానన్నాడు. ఆ హక్కులు ఆయన భక్తికి ఎక్కడా అడ్డం రాలేదు.

లోబడమని రోమా 13లో రాసిందీ ఆయనే. లోబడమన్నాడు కానీ అన్యాయాన్ని నిలదీయొద్దనలేదు. యూదుల మహాసభ ఎదుట అపొస్తలుడైన పేతురు చెప్పింది కూడా గుర్తుంచుకోవాలి: మనుషులకు కాదు, దేవునికే లోబడాలి. పైగా మన దగ్గర పాలకుల్ని ఎన్నుకునేది మనమే.

ఇక ‘రాజకీయంతో మనకేం పని?’ 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా హిందువులకే ఎస్సీ హోదా అంది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. దళిత క్రైస్తవులు ఇప్పటికీ బయటే. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వాళ్లకు దక్కింది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. ఎస్సీల్లో చేర్చాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసింది, కానీ మార్చాల్సింది పార్లమెంటు. ఉపవాస ప్రార్థనలు చేసుకోండి, మంచిదే. సవరణకు మాత్రం ఎంపీల ఓట్లు కావాలి.

పాస్టరు చెప్పిన గుర్తుకు గంపగుత్తగా ఓటేయమనడం లేదు. అదీ పౌలు పద్ధతి కాదు. కానీ ఇదే మెసేజ్ పంపేవాళ్లు క్రిస్మస్ సభలో అభ్యర్థిని వేదిక ఎక్కించి, శాలువా కప్పి, తలమీద చేతులుంచి ప్రార్థిస్తారు. అది లోకసంబంధం కాదట. ఆ మూడో పేరా మీద మీ పార్టీ ఏమంటుందని అదే అభ్యర్థిని అడిగితే మాత్రం లోకసంబంధమట!