దిక్కులేని రేవు

2024 సెప్టెంబరు 1 తెల్లవారుజాము. ఒకపక్క బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు నీళ్లలో ఉంది. ఆ సమయంలోనే కృష్ణలో ఎగువన కట్టి ఉంచిన భారీ పడవలు తెగిపోయి, వరదకు కొట్టుకొచ్చి ప్రకాశం బ్యారేజీ గేట్లను గుద్దుకున్నాయి. ఒక్కో పడవ పదుల టన్నుల బరువు. ఆ దెబ్బకు గేట్లు ఎత్తడానికి, దించడానికి ఆసరాగా ఉండే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) విరిగాయి. మర్నాటికి బ్యారేజీ దగ్గర ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. అంత నీరు ఆ బ్యారేజీ చరిత్రలోనే ఎన్నడూ రాలేదు. అది తట్టుకోగలదని లెక్కగట్టింది 11.9 లక్షలకు. అంటే అంచుదాకా వచ్చి ఆగాం.

ఆ తర్వాత పడవలను బయటికి తీయడానికి పడిన పాట్లు టీవీల్లో అందరూ చూశారు. భారీ క్రేన్లు లాగితే కదల్లేదు. ఈతగాళ్లు నీళ్లలోకి దిగి ఇనుమును కోయాల్సి వచ్చింది. చివరికి కాకినాడ నుంచి వచ్చిన బృందం నదిలో తరతరాల అనుభవంతో వాటిని ఎగువకు లాగింది. ఈ తతంగమంతా ముగిసేసరికి రెండు వారాలు దాటింది. ఈలోగా పడవలు ఎవరివి, ఏ పార్టీ వాళ్లవి, కావాలని వదిలారా అన్న రచ్చ నడిచింది. కేసులు పెట్టారు, అరెస్టులు చేశారు. అవి తేల్చాల్సింది కోర్టులు. ఈ పత్రికకు మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఉన్నది ఒక చిన్న ప్రశ్న. ఆ పడవలను అక్కడ కట్టుకోవచ్చని చెప్పిందెవరు? వరద వస్తోందని తెలిశాక, ఒకసారి తాళ్లు చూసి రమ్మని ఎవరినైనా పంపారా?

అవి ఇసుక పడవలు, షికారు పడవలు కావు కదా అనవచ్చు. నిజమే. కానీ నీళ్లు అవే. బ్యారేజీ వెనక 12 అడుగుల మట్టంతో నిలిచే ఆ మడుగులోనే భవానీ ద్వీపానికి జనాన్ని తీసుకెళ్లే పర్యాటక పడవలు, స్పీడ్ బోట్లు, చేపల పడవలు, అవతలి ఒడ్డు వాళ్ల సొంత పడవలు అన్నీ తిరుగుతాయి. సాయంత్రానికి అన్నీ ఎక్కడో ఒకచోట ఆగాలి. బస్సుకు బస్టాండు ఉంది, రైలుకు స్టేషను ఉంది. ఆటోకు సైతం ట్రాఫిక్ పోలీసు గీసిన గీత ఉంది. పడవకు మాత్రం ఒక మోకు, ఆ మోకు చుట్టడానికి దొరికిన ఏదో ఒక గుంజ.

మన నదుల్లో ఏ షికారు రేవులోనైనా ఓ ఆదివారం పూట అరగంట నిలబడి చూస్తే సంగతి తెలుస్తుంది. పడవకు, మెట్టుకు మధ్య ఒక చెక్కబల్ల. అది తడిసి ఉంటుంది. నీటిమట్టం నిన్నటికంటే జానెడు తగ్గితే బల్ల ఏటవాలుగా వాలుతుంది, కింద నిన్న నీళ్లలో ఉన్న మెట్టు నాచు పట్టి బయటపడుతుంది. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడ చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి చాస్తుంది. పడవ మీదున్న కుర్రాడు ఆ చెయ్యి అందుకుని ‘రా మామ్మా, ఏం కాదు’ అంటాడు. మన రేవుల్లో భద్రత అనేది చాలాచోట్ల ఆ కుర్రాడి చెయ్యే. అదే సమయంలో ఎంతమంది ఎక్కారని లెక్కపెట్టే మనిషి ఉండడు. ఉన్నా, అతనికి జీతం ఇచ్చేది ఆ పడవ యజమానే.

ఇలాంటి చోట్ల లెక్క తప్పితే ఏమవుతుందో విజయవాడకు ఒకరు చెప్పక్కర్లేదు. 2017 నవంబరు 12, కార్తీక మాసపు ఆదివారం. కాలువలో వచ్చే గోదావరి నీళ్లు కృష్ణలో కలిసే పవిత్ర సంగమంలో హారతి చూద్దామని బయల్దేరిన పడవ ఇబ్రహీంపట్నం ఫెర్రీ ఘాట్ దగ్గర బోల్తా పడింది. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్లు. పడవలో మోయాల్సినదానికంటే ఎక్కువమంది ఉన్నారు. లైఫ్ జాకెట్లు లేవు. ఆ పడవకు అక్కడ తిరగడానికి అనుమతే లేదని తర్వాత తేలింది. నడినదిలో తుపానుకు మునిగిన పడవ కాదది. పట్టపగలు, జనం చూస్తుండగా, మనుషుల్ని ఎక్కించుకుని రేవు దాటి వచ్చిన పడవ. ఆపే హక్కు ఉన్నవాడు ఒక్కడు ఆ రేవులో నిలబడి ఉంటే అది కదిలేదే కాదు.

రెండేళ్లు తిరక్కుండా గోదావరిలో కచ్చులూరు. 2019 సెప్టెంబరు 15న గండి పోచమ్మ దగ్గర బయల్దేరి పాపికొండలు చూడటానికి వెళ్లిన పడవ సుడిలో చిక్కుకుంది. అందులో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడింది 26 మంది. గోదావరి వరద మీద ఉన్న రోజది. ‘ఈరోజు వద్దు’ అనగలిగిన అవకాశం ఆ ప్రయాణంలో ఒకే ఒక్కచోట ఉంది. అది బయల్దేరిన రేవులో.

‘ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య’ అని సామెత. మన ప్రభుత్వాలది అంతకంటే విచిత్రం. పడవ మునిగినప్పుడు మాత్రమే ఓడ మల్లయ్య గుర్తొస్తాడు. 2017లో కొందరు అధికారులను సస్పెండ్ చేశారు. కచ్చులూరు తర్వాత గోదావరి, కృష్ణా తీరాల్లోను, విశాఖ రుషికొండలోను కలిపి 9 కంట్రోల్ రూములు పెట్టాలని నిర్ణయించారు. రెవెన్యూ, పోలీసు, జలవనరులు, పర్యాటక శాఖల సిబ్బంది ఒకే గదిలో కూర్చుని పడవను వదలాలా వద్దా తేల్చాలన్నది దాని ఉద్దేశం. నిజం చెప్పాలంటే ఇది మంచి ఆలోచన. దాని లోపమల్లా షికారు పడవ టికెట్టు దగ్గర మొదలై అక్కడే ముగియడం. ఎక్కే మనిషిని చూస్తుంది కానీ కట్టి ఉన్న పడవను చూడదు. రాత్రి పది గంటలకు రేవులో ఎన్ని పడవలున్నాయి, ఏ తాడుతో దేనికి కట్టి ఉన్నాయి అని అడిగితే రాసిపెట్టిన పుస్తకం ఏదీ? 2024లో తెగి వచ్చినవి సరిగ్గా అలాంటి పడవలే.

అసలు రేవు ఎవరిది? నది, బ్యారేజీ, నీటి మట్టం జలవనరుల శాఖవి. షికారు పడవలు, జెట్టీ, టికెట్లు పర్యాటక అభివృద్ధి సంస్థవి. ఘాట్ మెట్లు, దీపాలు, ఊడ్పు నగరపాలక సంస్థ చూడాలి. దుర్గా ఘాట్ దగ్గరికొస్తే దేవాదాయ శాఖకూ మాట ఉంటుంది. పడవ తిరగడానికి పనికొస్తుందా అన్నది తేల్చేవాళ్లు వేరు. కృష్ణలో ముక్త్యాల నుంచి విజయవాడ దాకా జాతీయ జలమార్గం-4 మొదటి దశ అని 2017లో శంకుస్థాపన చేశారు కాబట్టి కేంద్ర సంస్థకూ అందులో పాలుంది. చేపల పడవలు మత్స్యశాఖ లెక్క. ఎవరైనా మునిగితే పోలీసులు. ఇంతమంది ఉన్నారు కదా అని ధైర్యపడాలా? ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు.

చట్టం లేకనా అంటే, ఉంది. 1917 నాటి బ్రిటిష్ కాలపు చట్టం తీసేసి 2021లో పార్లమెంటు కొత్త అంతర్గత నౌకల చట్టం చేసింది. ఇంజను పడవలకు రిజిస్ట్రేషన్, సర్వే, బీమా అన్నీ అందులో ఉన్నాయి. ఇంజను లేని పడవల నమోదును స్థానిక సంస్థల దాకా తీసుకురావాలన్న ఆలోచనా ఉంది. కానీ చట్టం పడవ గురించి చెప్పినంతగా రేవు గురించి చెప్పదు. రేవును కాపాడుకోవాల్సింది ఊరే.

ఇక్కడ ఇంకో మాట కూడా చెప్పాలి. భద్రత అనగానే మనవాళ్లకు తోచే మొదటి మందు ఇనుప గేటు. రేవుకు కంచె కట్టి, ఒక మూల టికెట్టు కౌంటరు పెట్టి, మిగతాది మూసేస్తే పని అయిపోయిందనుకుంటారు. కృష్ణ ఒడ్డు కట్టింది టికెట్టు కొన్నవాళ్ల కోసం కాదు. 2016 పుష్కరాలప్పుడు ప్రజల డబ్బుతో పరిచిన మెట్లవి. తెల్లవారి స్నానానికి వచ్చేవాళ్లు, కార్తీకంలో అరటి దొప్పలో దీపం వదిలేవాళ్లు, పోయినవాళ్లకు పిండం పెట్టడానికి వచ్చేవాళ్లు, ఏమీ కొనకుండా ఊరికే గాలికి కూర్చునేవాళ్లు, అందరివీ. తాతల నాటి నుంచి అక్కడే వల ఆరేసుకున్న మత్స్యకారుడిది ఇంకాస్త ఎక్కువ. షికారు జెట్టీ వచ్చిందని అతని పడవను ‘అటు పక్కకు పెట్టుకో’ అని తోసేస్తే, అతను ఆ అటు పక్క ఏ తుప్పకో కడతాడు. వరదకు తెగేది మొదట ఆ తుప్పే. అందరికీ చోటు చూపించకుండా భద్రత రాదు. ఇందులో జాలి ఏమీ లేదు, తాడు లెక్క అది.

పడవల వాళ్ల గోడు కూడా తీసిపారేయదగ్గది కాదు. ఎక్కడో ఒక ప్రమాదం జరిగితే రాష్ట్రంలో పడవలన్నీ నెలల తరబడి ఒడ్డున ఎండుతాయి. సరంగు, కళాసి, పడవ మీద వంటవాడు, ఘాట్ మెట్ల మీద మొక్కజొన్న కండెలు కాల్చే ఆమె అందరూ పస్తులుంటారు. అన్నీ సరిగ్గా పెట్టుకున్నవాడికీ, ఏమీ లేనివాడికీ ఒకటే శిక్ష. ఆ తర్వాత మళ్లీ ఎప్పుడో ఒక మంత్రి గారు జెండా ఊపుతారు, మళ్లీ అన్నీ ఒకేసారి తిరుగుతాయి. నడిమధ్యన ఎవరు బాగుపడ్డారు, ఎవరు పడలేదు అన్న విచారణ ఉండదు. రేవులో రోజూ చూసే మనిషి ఉంటే ఆపాల్సిన పడవను ఆపి, మిగతావాటిని తిరగనివ్వొచ్చు.

ఆ మనిషి కావాలి అన్నదే ఈ సంపాదకీయం. స్టేషనుకు స్టేషన్ మాస్టరు ఉన్నట్టు రేవుకు ఒక అధికారి. ఏ శాఖ నుంచి వచ్చినా పర్లేదు, వచ్చాక ఆ రేవులో ఉన్న అన్ని పడవలకూ, షికారువి కానివ్వండి, చేపలవి కానివ్వండి, ఇసుకవి కానివ్వండి, అతనే జవాబుదారీ. ఎవరి పడవ ఏ దిమ్మకు కట్టాలో అతనే రాయాలి. కట్టే దిమ్మలు ముందు ఉండాలి కదా. రెయిలింగుకీ, చెట్టుకీ కాదు, కాంక్రీటులో పాతిన దిమ్మలకు కట్టాలి. మట్టం ఎక్కినా దిగినా పడవతో పాటు తేలే జెట్టీ ఉంటే ఆ చెక్కబల్లా, నాచు మెట్టూ రెండూ పోతాయి. అదేమీ చంద్రమండలం నుంచి తెచ్చే సాంకేతికత కాదు. 2024 నవంబరులో పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగరేసి చూపించాం. నీళ్ల మీద దిగే విమానానికి చేసిన ఏర్పాటు, నీళ్ల మీదే పుట్టిన పడవకు చేయలేమా?

వరద విషయం వేరేగా చెప్పాలి, ఎందుకంటే మిగతావన్నీ ఆలస్యమైనా బతకొచ్చు. ప్రకాశం బ్యారేజీ దగ్గర 3.97 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 5.69 లక్షలకు రెండోది ఇస్తారు. అప్పుడు మైకుల్లో చెప్పేది లంక గ్రామాల వాళ్లకు, దిగువన ఉన్నవాళ్లకు. ఎగువన నీటి మీద ఉన్న పడవలకు ఆ హెచ్చరికతో పనేంటో ఎక్కడా రాసి ఉండదు. మొదటి హెచ్చరిక కంటే చాలా ముందే, ఎగువన పులిచింతల ప్రాజెక్టు నుంచి నీరు వదిలారన్న కబురుతోనే, ఏ పడవ ఎక్కడికి చేరాలో జూన్ నెలలోనే ఖాయం కావాలి. చెప్పిన చోటికి చేరని పడవను యజమాని ఖర్చుతో లాగి ఒడ్డెక్కించాలి. యజమాని ఎవరో తెలియని పడవైతే మరీ మొదట దాన్నే ఒడ్డెక్కించాలి. నదిలో తేలే పదుల టన్నుల ఇనుముకు యజమాని పేరు పడవ ఒంటి మీదే పెద్దక్షరాలతో లేకపోవడం ఎంత విడ్డూరమో, రోడ్డు మీద నంబరు ప్లేటు లేని లారీని ఊహించుకుంటే తెలుస్తుంది.

డబ్బు ఎక్కడిదంటారు. పడవ కట్టుకున్నందుకు షికారు పడవల వాళ్లు కొంత కట్టొచ్చు. ఆ సొమ్ము సాధారణ ఖాతాలో కలిసిపోకుండా ఆ ఘాట్ మీదే ఖర్చు కావాలి. మత్స్యకారుడి చిన్న పడవ దగ్గర పైసా తీసుకోకూడదు. మన పల్లెల్లో రేవుకు ఏటా వేలం పాట పాడే పద్ధతి ఉంది. పాడుకున్నవాడు పెట్టుబడి రాబట్టుకోవడానికి పడవలో ఇంకో పదిమందిని కుక్కుతాడు. ఆ పద్ధతి మాత్రం నగరంలోకి ఏ కొత్త పేరుతోనూ రాకూడదు. కాంట్రాక్టు పేరుతోనైనా సరే.

ఇదంతా కుదరదు, శాఖల మధ్య సమన్వయం కష్టం అని ఎవరైనా అంటే వాళ్లకు దసరా గుర్తు చేయాలి. విజయదశమి సాయంత్రం దుర్గా మల్లేశ్వరుల తెప్పోత్సవం. హంస వాహనం మీద అమ్మవారు కృష్ణలో విహరించాలి. ఆ ఒక్క సాయంత్రం కోసం అన్ని శాఖలూ ఒకచోట కూర్చుంటాయి. ఎగువ నుంచి ఎంత నీరు వస్తోందో కాగితం మీద చూస్తాయి. హంస వాహనం మీద ఎంతమంది ఎక్కాలో లెక్క కడతాయి. ఈతగాళ్లను సిద్ధం చేస్తాయి. ట్రయల్ రన్ వేస్తాయి. వరద ఎక్కువైతే విహారం ఆపేసి, వాహనాన్ని ఒడ్డునే కట్టి పూజ చేస్తారు. ఈమధ్య పలు సంవత్సరాల్లో అలాగే చేశారు. భక్తులు కాస్త చిన్నబుచ్చుకున్నా ఎవరూ తప్పుపట్టలేదు. అమ్మవారి పడవనే ‘ఈరోజు వద్దు’ అని ఆపగలిగిన యంత్రాంగానికి, ఆదివారం పూట సెల్ఫీల కోసం వచ్చిన జనం పడవను ఆపడం ఎందుకు కష్టం?

కృష్ణా పుష్కరాలు 2028లో వస్తున్నాయి. కోట్ల లెక్కలు, టెండర్లు అప్పుడెలాగూ ఉంటాయి. అందాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. వచ్చే కార్తీకం మొదటి ఆదివారానికల్లా పున్నమి ఘాట్‌లో, బెర్మ్ పార్కులో, ఫెర్రీలో మెట్ల దగ్గర ఒక్కో బోర్డు పెట్టండి. ఈ రేవు ఫలానా అధికారిది, ఆయన ఫోన్ నంబరు ఇది, ఈరోజు నీటి ప్రవాహం ఇంత, ఈ పడవలో ఇంతమందే ఎక్కాలి అని తెలుగులో, దూరం నుంచి కనిపించేంత పెద్దక్షరాలతో.