వీ2సీ అన్నకు ఒక బహిరంగ లేఖ

పూజ్యులైన ఎస్ఎన్ఎంపీ వీ2సీ అన్న గారికి,

తిరుపతి నుంచి నమస్కారాలు. స్విచ్‌లు, రౌటర్లు ఎట్లా ఉండాయో మానిటరింగ్ సర్వర్ అడిగి తెలుసుకునే భాష ఎస్ఎన్ఎంపీ, దాంట్లో వీ1కీ వీ3కీ మధ్య పుట్టినోడివి నువ్వు. నువ్వు బాగుండావా అని అడగను, బాగుండావని తెలుసు. ఈడ స్విచ్‌లు పెట్టే ఏ ర్యాక్ తలుపు తీసినా నువ్వే గదా కనిపించేది. బస్టాండు ఎదురుగా లాడ్జీల్లో నువ్వే, రేణిగుంట రోడ్డులో షోరూముల్లో నువ్వే, కాలేజీ ల్యాబుల్లో నువ్వే. స్విచ్‌లు మారిపోతాయి, ఫైర్‌వాల్ మారిపోతుంది, ఐటీ చూసే పిల్లోడు జీతం చాల్లేదని బెంగళూరికి బస్సెక్కేస్తాడు, కొత్త పిల్లోడు వస్తాడు, వాడికి ఇచ్చే కాయితంలో మొదటి లైను మాత్రం మారదు: కమ్యూనిటీ స్ట్రింగ్ (అంటే నీ పాస్‌వర్డు లాంటి మాట), పబ్లిక్.

నీ పుట్టుక గురించి చాలామందికి తెలీదన్నా, చెప్పనీ. 1993లో మొదట వచ్చిన వీ2లో సెక్యూరిటీ ఉండింది. ఎవరు ఎవరితో మాట్లాడాలో తేల్చే పార్టీలు అనీ అదనీ ఇదనీ అంత క్లిష్టంగా పెట్టేసరికి తయారుచేసినోళ్ళకే ఒకరితో ఒకరికి పొసగలేదు. పంచాయితీ తెగక ఆఖరికి ఆ సెక్యూరిటీ మొత్తం పీకేసి, వీ1 కాలం నాటి కమ్యూనిటీ స్ట్రింగే మళ్ళీ తగిలించి, 1996లో నిన్ను బయటికి వదిలారు. అదీ ఎక్స్‌పెరిమెంటల్ అని రాసి వదిలారు. 2002లో వీ3ని పూర్తి స్టాండర్డ్ చేసినాక నువ్విక చరిత్ర అని ముద్ర కూడా కొట్టేశారు. అంటే పర్మనెంట్ అవకుండానే రిటైర్ అయినోడివి, అయినా ఇప్పటికీ పొద్దున్నే డ్యూటీకి వచ్చేస్తావు, నిన్ను చూసి గవర్నమెంటోళ్ళు నేర్చుకోవాలబ్బా.

నీలో మంచి లేదని నేననను. లింకులో పోయిన బైట్లు లెక్కపెట్టడానికి వీ1కి 32 బిట్ల కౌంటరే ఉండేది, గిగాబిట్ లింకు ఫుల్లుగా పోతా ఉంటే అది 34 సెకండ్లకే చుట్టు తిరిగి మళ్ళీ సున్నాకి వచ్చేస్తుంది. ఐదు నిమిషాలకోసారి అడిగే మానిటరింగ్‌కి మధ్యలో ఎన్ని చుట్లు తిరిగిందో ఏం తెలుస్తుంది, అందుకే గ్రాఫు చూస్తే లింకు ఖాళీగా ఉండాదంటుంది, కింద రిసెప్షన్‌లో మాత్రం వైఫై రావట్లేదని యాత్రికులు కొట్లాడతా ఉంటారు. నువ్వు 64 బిట్ల కౌంటర్ తెచ్చావు, ఒకటొకటిగా అడగకుండా గెట్‌బల్క్‌తో టేబుల్ మొత్తం గుంజుకునే పద్ధతి తెచ్చావు. ఆ పుణ్యం నీదే.

కానీ అన్నా, ఆ నోరేందన్నా నీది? మొన్న ఒక చోట ట్రాఫిక్ కాపీ వచ్చేట్టు మిర్రర్ పోర్టు పెట్టి, ప్యాకెట్లు చూపించే వైర్‌షార్క్ తెరిచి, నువ్వు మాట్లాడే 161 పోర్టు ఫిల్టర్ కొట్టా, మొదటి ప్యాకెట్‌లోనే నీ స్ట్రింగ్ తెల్ల కాయితం మీద రాసినట్టు చదువుకునేంత స్పష్టంగా ఉండాది. హ్యాకర్ అక్కర్లేదు, చదువొస్తే చాలు. అలిపిరి దగ్గర చంటిబిడ్డ పాలసీసాతో సహా బ్యాగులన్నీ మెషిన్‌లో పెట్టి చూసి గానీ పైకి పంపరు గదా, మా నెట్‌వర్క్‌లో మాత్రం నేను పబ్లిక్ అంటే చాలు, రా నాయనా అని తలుపు తీస్తారు. ఇంకా ఘోరమేందంటే చాలాచోట్ల సెట్టింగులు మార్చనిచ్చే రైట్ స్ట్రింగ్ కూడా ప్రైవేట్ అనే డిఫాల్ట్‌లోనే వదిలేసుంటారు. అది తెలిసినోడు పోర్టుని ఆన్, ఆఫ్ చేసే ఇఫ్‌అడ్మిన్‌స్టేటస్‌లో 2 అని ఒక్క అంకె రాస్తే పోర్టు పడుకుంటుంది, అది పై స్విచ్‌కి పోయే అప్‌లింక్ పోర్టయితే ఆ ఫ్లోర్ మొత్తం పడుకుంటుంది.

ఇదంతా చెప్పి వీ3 పెడదాం సార్ అని ఒక మేనేజర్ని అడిగితే ఆయన అన్నది విను. "దానికి సపరేట్‌గా డబ్బులా?" కాదు సార్, స్విచ్‌లోనే ఉండాది. "మరి ఇప్పుడుండేది పనిచేస్తా ఉండాదా లేదా?" చేస్తా ఉండాది సార్. "అయితే దాన్ని ఎందుకయ్యా కెలుకుతావు?" ఈ మాటకి ఇంతవరకు ఏ ఇంజినీరూ జవాబు కనిపెట్టలేదన్నా, నువ్వు బతికుండేది గెట్‌బల్క్ వల్ల కాదు, ఈ మాట వల్ల.

వీ3 కూడా తక్కువదేం కాదులే. యూజర్ పేరు, అడిగేదెవరో తేల్చే ఆథ్ పాస్‌వర్డు, ఎన్‌క్రిప్షన్‌కి ప్రివ్ పాస్‌వర్డు, ఆథ్ పద్ధతి ఒక పక్క షా పెట్టి ఇంకో పక్క ఎండీ5 పెడితే మాట్లాడదు, పరికరం గుర్తు లాంటి ఇంజిన్ ఐడీ మారితే యూజర్లని మళ్ళీ మొదట్నుంచి కొట్టాలి. ఇదంతా ఎవడు పడతాడని కొందరు మహానుభావులు ఆడిట్ ముందురోజు వీ3ని నోఆథ్‌నోప్రివ్‌లో పెట్టేస్తారు, అంటే పాస్‌వర్డూ లేదు ఎన్‌క్రిప్షనూ లేదు, ఒట్టి యూజర్ పేరే. ఆడిటర్ ఎక్సెల్‌లో వీ3 అన్నచోట టిక్ కొట్టి కాఫీ తాగి పోతాడు. ఇది చూస్తే మటుకు నువ్వే నయమనిపిస్తుందన్నా, నీకు సెక్యూరిటీ లేదని నువ్వు యాడా దాచిపెట్టలా.

సరే, ఇక మా నిర్ణయం విను. కోర్ స్విచ్‌లు, రౌటర్లు, ఫైర్‌వాల్ దగ్గర్నుంచి నువ్వు మూటా ముల్లె సర్దుకోవాల, ఆడ వీ3లో ఆథ్‌ప్రివ్ (పాస్‌వర్డూ ఎన్‌క్రిప్షనూ రెండూ), ఆథ్‌కి షా, ఎన్‌క్రిప్షన్‌కి ఏఈఎస్, అంతే. వీ3 తెలీని పాత ప్రింటర్ల దగ్గర, సీసీ కెమెరా స్విచ్‌ల దగ్గర ఉండొచ్చు, కానీ రీడ్ ఓన్లీ, పబ్లిక్ కాకుండా వేరే స్ట్రింగ్, పరికరాలు చూసుకోడానికే వేరు చేసిన మేనేజ్‌మెంట్ వీల్యాన్ దాటకూడదు, మానిటరింగ్ సర్వర్ ఐపీ తప్ప ఎవరడిగినా జవాబివ్వకుండా యాక్సెస్ లిస్ట్ వేస్తాం. రైట్ స్ట్రింగ్ మాత్రం ఈరోజే తీసేస్తా ఉండాం. సిఫార్సు లెటర్లు చెల్లవు, అవి దర్శనానికి పెట్టుకో.

ఇట్లు,
నీ ట్రాప్‌లతో (అలారం మెసేజీలతో) రాత్రి నిద్ర చెడే తమ్ముడు

తా.క.: నాలుగో ఫ్లోర్ యూపీఎస్ కార్డుకి నువ్వు కూడా తెలీదంట, అది ఇంకా మీ పెద్దాయన వీ1తోనే మాట్లాడుతుంది. కొత్త కార్డుకి కొటేషన్ పెట్టాం. సార్ టేబుల్ మీద ఉండాది.