రేణిగుంటకు కువైట్ విమానం కావాలి

తిరుపతి దగ్గరి రేణిగుంట విమానాశ్రయానికి అంతర్జాతీయ హోదా వచ్చి ఏళ్లయింది. క్రమం తప్పకుండా నడిచే విదేశీ సర్వీసు మాత్రం ఇంతవరకు ఒక్కటీ రాలేదు. విశాఖ, విజయవాడ, తిరుపతి విమానాశ్రయాలను అంతర్జాతీయ స్థాయికి విస్తరించే విషయం 2014 నాటి విభజన చట్టంలోనే, పదమూడో షెడ్యూలులో ఉంది. 2015 అక్టోబరు 22న, అమరావతికి శంకుస్థాపన చేసిన రోజే, ప్రధాని నరేంద్ర మోదీ ఇక్కడ గరుడ టెర్మినల్‌ను ప్రారంభించారు. 500 మంది స్వదేశీ, 200 మంది విదేశీ ప్రయాణికులకు సరిపడేలా దాన్ని కట్టారు. ఆ తర్వాత ఇక్కడ తిరుమల దర్శనానికిచ్చే శ్రీవాణి టికెట్ల కోసం క్యూలు చూశాం గానీ, ఇమిగ్రేషన్ కోసం క్యూ చూసింది లేదు.

విమానాశ్రయానికి శ్రీవేంకటేశ్వరుడి పేరు పెట్టాలన్న ప్రతిపాదన ఈ మధ్య బాగా వినిపిస్తోంది. పెట్టండి, కాదనేవారెవరు? పేరు మారిందని ఏ ఎయిర్‌లైన్సూ సర్వీసు వేయదు, అంతే.

విదేశీ సర్వీసుల మాట ఎత్తితే చాలు, నాయకులు అమెరికా భక్తుల గురించి మొదలుపెడతారు. అక్కడి నుంచి వచ్చేవాళ్లలో చాలామంది ముందు సొంతవాళ్లను చూసుకుని, తీరిగ్గా కొండకు వస్తారు. వాళ్లకు హైదరాబాద్, చెన్నై, బెంగళూరు ఎలాగూ ఉన్నాయి. అసలు అవసరం ఉన్నది కువైట్‌కు పోయేవాళ్లకు. రాజంపేట, రైల్వే కోడూరు, రాయచోటి, పీలేరు పల్లెల నుంచి ఇళ్లలో పనికి, డ్రైవర్లుగా, కూలీలుగా పోయిన ఆడవాళ్లు, మగవాళ్లు ఎంతమందో. రాజంపేట, కోడూరు వైపు నుంచి చెన్నై ఎయిర్‌పోర్టుకు కారు మాట్లాడుకున్నవాళ్లు రేణిగుంట మీదుగానే పోతారు. ఇంటి దగ్గరి ఎయిర్‌పోర్టును దాటి ఇంకో నూటపాతిక కిలోమీటర్లకు పైగా వెళ్లి విమానం ఎక్కాలి. అందులోనూ నగరి దాటాక ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే రిపోర్టింగ్ టైము దాటిపోతుందేమోనన్న టెన్షన్. సెలవు మీద వచ్చి తిరిగి పోయే మనిషికి ఆ బాడుగ చిన్న ఖర్చేమీ కాదు.

రన్‌వే చిన్నదనే సాకు ఇక్కడ చెల్లదు. ఏడున్నర వేల అడుగుల రన్‌వేను పన్నెండున్నర వేలకు పెంచే పని చేపట్టింది పెద్ద విమానాల కోసం. గల్ఫ్‌కు పెద్ద విమానమే అక్కర్లేదు. ఇక్కడ రోజూ దిగుతున్న ఎయిర్‌బస్ 320 రకం విమానాలే మిగతా ఊళ్ల నుంచి గల్ఫ్‌కు తిరుగుతున్నాయి.

గల్ఫ్ కూలీల అవసరాన్ని తక్కువ చేసి చూసేవాళ్లు కొచ్చి చరిత్ర చూడాలి. అక్కడ నౌకాదళం రన్‌వే చాలక, నెడుంబస్సేరిలో కొత్త విమానాశ్రయం కట్టాలనుకున్నారు. ప్రభుత్వం దగ్గర అంత డబ్బు లేదు. ఐఏఎస్ అధికారి వి.జె. కురియన్ ముందుండి నడిపించగా 1994లో కంపెనీ పెట్టారు. దాదాపు ముప్పై దేశాల్లోని సుమారు పదివేల మంది ప్రవాసులు అందులో వాటాలు కొన్నారు. 1999 మే 25న రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ప్రారంభించారు. గల్ఫ్ ప్రయాణికులే ఆ విమానాశ్రయాన్ని నిలబెట్టారు. మన దగ్గర డబ్బు అడగాల్సిన పని కూడా లేదు, కట్టడం సిద్ధంగా ఉంది.

విజయవాడ అనుభవం ఇంకో సంగతి చెబుతుంది. 2018 డిసెంబరులో ఇండిగో అక్కడి నుంచి సింగపూర్‌కు వారానికి రెండు సర్వీసులు మొదలుపెట్టింది. నష్టం వస్తే భరిస్తామని రాష్ట్ర ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ సర్వీసు 2019 జూన్‌లో ఆగిపోయింది. ప్రభుత్వ సొమ్ము మీద ఆధారపడిన సర్వీసు అది ఉన్నన్నాళ్లే నడుస్తుంది. అదే విజయవాడకు 2022లో షార్జా సర్వీసు వచ్చింది. అంటే గల్ఫ్ రూటుకు మన రాష్ట్రంలో గిరాకీ ఉన్నట్టే కదా.

విదేశీ ఎయిర్‌లైన్స్ రావాలంటే రెండు దేశాల ఒప్పందంలో ఆ ఊరి పేరు ఉండాలి. ఆసియాన్ (ఆగ్నేయాసియా కూటమి) దేశాల విమానాలకు మన దేశం తెరిచిన పద్దెనిమిది పర్యాటక కేంద్రాల్లో గయ ఉంది, విశాఖ ఉంది, తిరుపతి లేదు. బుద్ధగయ యాత్ర సీజన్‌లో చిన్న గయకు బ్యాంకాక్, కొలంబోల నుంచి విమానాలు దిగుతాయి. తిరుమలకు ఆ అర్హత లేదని ఎవరనగలరు? ఆ పోరాటం చేయాల్సిందే, కానీ దానికి టైము పడుతుంది. మన దేశ ఎయిర్‌లైన్స్‌కు ఆ అడ్డంకి లేదు. పైగా కువైట్‌తో ఏళ్ల తరబడి వారానికి 12,000 సీట్ల దగ్గరే ఆగిపోయిన ఒప్పందం 2025లో 18,000కు పెరిగింది.

పెరిగిన సీట్లలో రేణిగుంటకు వాటా అడగాల్సింది రాయలసీమ ఎంపీలు. ఉత్త విజ్ఞాపన పత్రాలు పట్టుకుపోతే లాభం లేదు. ఏ మండలం నుంచి ఎంతమంది గల్ఫ్‌లో ఉన్నారో విదేశాల్లో పనికి పోయేవాళ్ల కోసం కేంద్రం పెట్టిన ఈ-మైగ్రేట్ పోర్టల్‌లోని నమోదులు, పాస్‌పోర్టు చిరునామాలు చూసి రాష్ట్ర ప్రభుత్వం లెక్క తీయాలి. ఆ లెక్కతోనే ఎయిర్‌లైన్స్ దగ్గర కూర్చోవాలి. కస్టమ్స్, ఇమిగ్రేషన్ సిబ్బంది లేరని సర్వీసు రాకపోవడం, సర్వీసు లేదని సిబ్బందిని వేయకపోవడం, ఈ తిరకాసును కేంద్రం ముందే తెంచాలి. విమానాల షెడ్యూళ్లు ఏటా మార్చి, అక్టోబరు చివరి ఆదివారాల్లో మారతాయి. వారానికి రెండు కువైట్ సర్వీసులైనా వచ్చే షెడ్యూలులో చేరేలా ఇప్పుడే కదలాలి.